ఆకాశం కూలుతున్నా డ్యూటీ ఆగదు: ప్రళయంలో పని చేయించే ఆటల లెక్క

మా పిన్ని కొడుకుది ఇందుకూరుపేట మండలం, వెనామీ రొయ్యల సాగు. సంక్రాంతికి వాళ్లింటికి పోయినప్పుడు అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ఏదో ఆడుతూ ఉన్నట్టుండి తల పట్టుకున్నాడు. ఏమైందిరా అంటే "సూప్ డబ్బాలు ఐదే దొరికినాయన్నా, పిల్లోణ్ణి ఎత్తుకొచ్చేలోపల టైమ్ అయిపోయింది" అన్నాడు. లోపల్నుంచి వింటున్న పిన్ని బయటికొచ్చి, "పొద్దస్తమానం గుంటల కాడ చేసేది చాలదంట, ఆటలో కూడా పనేనంట" అని విసుక్కుంది. పిన్ని అడిగింది మంచి ప్రశ్న. పొద్దంతా కష్టపడి ఇంటికొచ్చిన మనిషి, లోకం అంతమైపోతుంటే అందులో కూడా ఉద్యోగం చేసే ఆట ఎందుకు ఆడతాడు, పైగా నవ్వుతూ ఎందుకు ఆడతాడు? అప్పట్నుంచి ఈ రకం ఆటలు కొన్ని కూర్చుని ఆడాను, ఎట్లా పనిచేస్తాయో విప్పి చూసుకున్నాను, అదే ఇక్కడ రాస్తున్నా.

వాడు ఆడుతున్నది సిక్స్టీ సెకండ్స్. పోలండ్‌కి చెందిన రోబోట్ జెంటిల్‌మన్ అనే చిన్న టీమ్ 2015లో వదిలింది. అణుబాంబు పడబోతోంది, సైరన్ మోగింది, సరిగ్గా 60 సెకన్లు ఉన్నాయి. టెడ్ అనే ఇంటాయన ఇల్లంతా పరిగెత్తి భార్యని, ఇద్దరు పిల్లల్ని, సూప్ డబ్బాల్ని, నీళ్ల సీసాల్ని, రేడియోని, గొడ్డలిని, మందుల పెట్టెని ఏరుకొచ్చి నేలమాళిగలో పడేయాలి. ఒక విడతకి చేతుల్లో పట్టేది కొంచెమే, మనుషులైతే ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటారు, అందుకే మావాడికి ఆ పిల్లోడి లెక్క తప్పింది. ఆ నిమిషం అయిపోయాక అసలు ఆట మొదలవుతుంది. పరుగు ఉండదు, ఒక నోటుపుస్తకం మాత్రం ఉంటుంది. ఫలానా రోజు ఎవరు ఎట్లా ఉన్నారో అందులో రాసుంటుంది, ఎవరికి సూప్ పోయాలి, ఎవరికి నీళ్లివ్వాలి, బయటికి వెతుకులాటకి ఎవర్ని పంపాలి అని మనం తేల్చి పేజీ తిప్పాలి. రోజూ అందరికీ పెడితే డబ్బాలు నిలవవు, పెట్టకపోతే మనుషులు నిలవరు. మధ్యలో తలుపు చప్పుడవుతుంది, తియ్యాలా వద్దా అంటుంది. బొద్దింకలు వచ్చిపడతాయి, మందుడబ్బా తెచ్చుకున్నావా అంటుంది.

ఇది ఇంట్లో సరుకులు చూసుకుని నెలాఖరు గడిపే పనే. నేను చెప్పాలనుకున్న సంగతి కూడా ఇక్కడే ఉంది. ఈ ఆటల్లో లోకం అంతం కావడం అంటే యుద్ధం కాదు, తుపాకీ పట్టుకుని ఎవర్నో కాల్చడం కాదు. ఉన్నదాన్ని ఎవరికెంత పంచాలి, రేపటికి ఎంత మిగల్చాలి అనే చిట్టా అది. ఆ చిట్టా చేతిలో ఉన్నంతసేపూ భయానికి ఒక హద్దు ఉంటుంది.

వీటిని సిమ్యులేషన్ గేమ్స్ అంటారు. సిమ్యులేషన్ అంటే కొన్ని అంకెలు ఒకదానికొకటి ముడిపడి ఉండటం, అంతే. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది, తగ్గిందాన్ని సరిచేయబోతే మూడోది పాడవుతుంది. ఈ రకానికి జనంలో పేరు తెచ్చింది 1989లో విల్ రైట్ చేసిన సిమ్‌సిటీ. ఊరు కట్టు, రోడ్లెయ్యి, కరెంటివ్వు, పన్నులు వసూలు చెయ్యి. అందులో విపత్తులకని ఒక మెనూయే ఉండేది, అగ్ని, వరద, భూకంపం, సుడిగాలి, చివరికి ఒక రాకాసి జంతువు. కష్టపడి కట్టుకున్న ఊరి మీదికి దాన్ని వదిలి జనం ముచ్చటపడేవాళ్లు. కాకపోతే అక్కడ ఆడేవాడు మేయరు, అంతా పైనుంచి చూస్తాడు. ఇప్పుడు మనం మాట్లాడుకునే ఆటల్లో కుర్చీ కిందికి దిగింది. మేయరు స్థానంలో కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తా, వంటవాడు, ఇంటాయన వచ్చారు.

ఎందుకు దిగిందో తెలియాలంటే ఇండీ అనే మాట సంగతి చూడాలి. ఇండిపెండెంట్ అనే మాటని కుదిస్తే ఇండీ అయింది, పెద్ద పబ్లిషర్ డబ్బు లేకుండా ఒకళ్లో, ఇద్దరో, పది మందో కలిసి చేసుకునే ఆట. వీళ్ల దగ్గర మహానగరం కూలిపోవడాన్ని బొమ్మల్లో గీసే స్తోమత ఉండదు. ఒక గది గీయగలరు, ఒక బల్ల, ఒక కిటికీ. అప్పుడు ప్రళయం కిటికీ అవతలికి పోతుంది, దానికి ఒక సైరన్ చప్పుడు, పేపర్లో రెండు లైన్ల వార్త చాలు. 2013లో లూకాస్ పోప్ చేసిన పేపర్స్, ప్లీజ్ చూడండి. అది ప్రళయం ఆట కాదు, నవ్వించే ఆట అంతకన్నా కాదు, కానీ ఈ వరస ఆటలకి బల్ల వేసిచ్చింది అదే అని నా అభిప్రాయం. ఆర్‌స్టోట్స్కా అనే ఊహాదేశపు సరిహద్దులో నువ్వొక ఇన్‌స్పెక్టర్, వచ్చినవాళ్ల పాస్‌పోర్టులు చూసి ముద్ర కొట్టాలి. మొదటి రెండు తప్పులకి హెచ్చరిక, మూడోదాన్నుంచి జీతంలో కోత. రాత్రికి ఆ జీతంలోంచి అద్దె, తిండి, చలికి వేడి, జబ్బు పడ్డవాడికి మందు. ఆట మొత్తం దాదాపు ఆ ఒక్క బల్ల మీదే జరుగుతుంది. ఒక దేశం ఎట్లా కుళ్లిపోతోందో ఆ ముద్ర బరువులోనే తెలిసిపోతుంది. డబ్బు లేక బల్ల దగ్గర ఆగిపోయినవాళ్లకి, బల్ల దగ్గర్నుంచి చూస్తేనే మామూలు మనిషికి లోకం ఎట్లా కనిపిస్తుందో తెలిసొచ్చింది.

ఇక నవ్వు సంగతి. ప్రళయంలో నవ్వేముంది?

నాకు అర్థమైనంతవరకు నవ్వు వచ్చేది ఒకే చోట. బయట అంతా తలకిందులైపోయినా లోపల పని పద్ధతి మాత్రం చెక్కుచెదరదు, ఆ రెండిటి మధ్య ఉన్న దూరమే నవ్వు. డెత్ అండ్ టాక్సెస్ అనే ఎస్తోనియా ఆట ఉంది, 2020 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో నువ్వు మృత్యువువి, కానీ ఉద్యోగివి. పొద్దున్నే బల్ల మీద కొన్ని ఫైళ్లుంటాయి, ఈరోజు ఇంతమంది పోవాలి అని పైనుంచి కాగితం వస్తుంది, ఫైల్లో మనిషి బతుకు మూడు ముక్కల్లో రాసుంటుంది, నువ్వు కలంతో గుర్తు పెట్టాలి. సాయంత్రం బాసు పిలుస్తాడు, ఆ బాసు పేరు విధి. ఎవర్ని ఉంచావు, ఎవర్ని పంపావు అన్నదాన్ని బట్టి లోకం బాగుపడుతుంది, లేకపోతే నాశనమవుతుంది. ఇది చదివిన తెలుగువాళ్లెవరికైనా వెంటనే ఏం గుర్తొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. యముడి కొలువు, చిత్రగుప్తుడి చిట్టా, ఆ చిట్టాలో పేరు తప్పు పడటం, ఇవి మన నాటకాల్లోనూ సినిమాల్లోనూ తరాల తరబడి చూసి నవ్వుకున్నవే. చావుని ఒక ఆఫీసుగా చేస్తే దాన్ని అడగొచ్చు, దానితో వాదించొచ్చు, దాని తప్పు పట్టొచ్చు అని మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. అందుకే ఈ ఆటలు మనకి కొత్తగా అనిపించవు. మా జేజికి అర్థమయ్యేట్టు చెప్పాల్సొస్తే చిత్రగుప్తుడి ఉద్యోగం అంటే సరిపోయేది.

వంట ఆటల్లో నవ్వు ఇంకో రకం. ఓవర్‌కుక్డ్ 2016లో వచ్చింది, ఘోస్ట్ టౌన్ గేమ్స్ అని ఇద్దరు మనుషుల కంపెనీ. లోకాన్ని మింగడానికి ఒక పెద్ద ఆకలి భూతం వచ్చింది, దాని కడుపు నింపడం చేతకాలేదు, అందుకని ఉల్లిపాయ రాజుగారు వంటవాళ్లని 1993కి వెనక్కి పంపి వంట నేర్చుకుని రమ్మంటాడు. అంటే లోకాన్ని కాపాడే దారి టమేటాలు తరగడం, సూప్ కాయడం, ప్లేట్లు కడగడం. నలుగురు కలిసి ఆడితే ప్లేట్లు కడిగేవాడు ఎవడనే దగ్గర గొడవైపోతుంది, ఏ పెళ్లిలోనైనా వంటల కాడ నిలబడి చూస్తే ఇదే కనబడుతుంది. కుక్, సర్వ్, డెలీషియస్ మూడో భాగం (2020) ఇంకొంచెం ముందుకు పోయింది. 2042, యుద్ధాలతో చితికిపోయిన అమెరికా, ఆ దారుల్లో ఇద్దరు రోబోలతో కలిసి ఫుడ్ ట్రక్ నడుపుకుంటూ వంటల పోటీకి పోవాలి. దేశం ఏమైపోయినా ట్రక్ ఆగిన చోట జనం ఆకలితో ఉంటారు, ఆర్డర్లు పడుతూనే ఉంటాయి. ఆగే చోటుకీ ఆగే చోటుకీ మధ్య ఏం వండి సిద్ధంగా పెట్టుకోవాలి అనేదే అందులో అసలు తెలివి. ఎక్కువ వండితే పాడవుతుంది, తక్కువ వండితే జనం వచ్చాక చేతులు ఆడవు. మన హైవే పక్కన టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్లు రోజూ వేసే లెక్కే ఇది, పూరీ పిండి ఎంత కలపాలి, బస్సు ఆగుతుందా ఆగదా.

నవ్వు తీసేస్తే ఏమవుతుందో చూడాలంటే దిస్ వార్ ఆఫ్ మైన్ ఆడాలి. 2014లో వార్సాకి చెందిన లెవెన్ బిట్ స్టూడియోస్ చేసింది, 1992 నుంచి 1996 దాకా బోస్నియాలోని సారయేవో నగరాన్ని ముట్టడించిన రోజులు దానికి ఆధారం. ఆట లోపలి లెక్క అదే, తిండి, మందులు, రాత్రి ఎవర్ని పంపాలి, పొద్దున ఎవరు తిరిగొచ్చారు. కానీ అందులో ముసలి దంపతుల ఇంట్లో మందులు దొంగిలించుకొస్తే మనవాళ్లు మనసు విరిగి మూల కూర్చుంటారు, పని చెయ్యరు. 2020లో పోలండ్ ప్రభుత్వం దాన్ని బడిపిల్లలకి సూచించే పఠన జాబితాలోకి చేర్చింది. గొప్ప ఆట, నేను రెండోసారి ఆడలేకపోయాను. సిక్స్టీ సెకండ్స్‌లో అయితే కుటుంబం మొత్తం పోయినా నోటుపుస్తకంలో ఏదో ఒక మాట చదివి నవ్వొస్తుంది, వెంటనే మళ్లీ మొదలుపెడతాం. మళ్లీ మొదలుపెట్టనివ్వడమే ఆ నవ్వు చేసే పని. పదిసార్లు ఓడిపోతే గానీ ఆ అంకెల ముడి చేతికి చిక్కదు, ఓడిన ప్రతిసారీ గుండె బరువెక్కితే పదిసార్లు ఎవరు ఆడతారు?

ఇప్పుడు పిన్ని ప్రశ్న దగ్గరికి వస్తాను. దానికి జవాబు నాకు ఆటల్లో దొరకలేదు, గుంటల కాడ దొరికింది.

2023 డిసెంబర్ 4 రాత్రి, మిచౌంగ్ తుపాను మన తీరం పొడుగునా పైకి జరుగుతోంది, మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికే నెల్లూరు జిల్లా అంతా వాన, గాలి. నేను ఆ రాత్రి మావాడి దగ్గరే ఉన్నాను. కరెంటు పోతే ఏరేటర్లు, అంటే గుంటలో నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు, ఆగుతాయి, ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. మబ్బు పట్టిన రోజున ఆ నీళ్లలోని నాచుకి ఎండ తగలదు కాబట్టి పగలు తయారయ్యే ఆక్సిజన్ కూడా తక్కువే, తెల్లవారుజామున అయితే మరీ కిందికి దిగుతుంది. మామూలుగా 4 పీపీఎం (లీటరు నీళ్లకి 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్) పైన ఉండేట్టు చూసుకుంటారు, 3 కిందికి పోతే రొయ్య పైకి తేలడం మొదలవుతుంది. దానికి తోడు వాననీళ్లు పడి ఉప్పదనం తగ్గిపోతుంది. జనరేటర్ ఉంది, కానీ డీజిల్ రెండు క్యాన్లే. అన్ని ఏరేటర్లూ ఒకేసారి తిప్పితే తెల్లారేదాకా రాదు. వాడు టార్చిలైటు నోట కరుచుకుని మీటరు నీళ్లలో ముంచి చూడటం, ఈ గుంటకి గంటసేపు, ఆ గుంటకి అరగంట అని మార్చుకుంటూ పోవడం, ఒక బీడీకట్ట అట్ట మీద టైములు రాసుకోవడం. అట్ట తడిసి అక్షరాలు పోతే చేతి మీద రాసుకున్నాడు. మూడున్నరకి ఒక గుంటలో మూలన రొయ్యలు కనబడ్డాయి, ఇంకేమీ మాట్లాడకుండా మిగతా గుంటల ఏరేటర్లు ఆపేసి దానికే అన్నీ ఇచ్చాడు.

నేను భయపడ్డాను. వాడు ఆ రాత్రి భయపడినట్టు నాకు కనబడలేదు, వాడికి తీరిక లేదు.

ఆ పంట పోలేదు. కానీ అంతకుముందు పంట పోయింది, ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలియదు. తప్పు సీడ్‌లో (తెచ్చి వదిలిన రొయ్యపిల్లల్లో) ఉందా, నీళ్లలోనా, పక్క గుంటలోంచి తెల్లమచ్చ రోగం వచ్చిందా, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. సంక్రాంతినాడు వాళ్లమ్మ విసుక్కుని లోపలికెళ్లాక వాడు నాతో అన్నమాట ఇదీ: "ఇందులో ఓడిపోతే ఎందుకు ఓడిపోయానో తెలుస్తదన్నా."

పిన్నికి చెప్పాల్సిన జవాబు అదే అనుకుంటా. పని ఎవరికీ బరువు కాదు అని నేననను, బరువే. కానీ పనిలో మనిషిని తినేసేది కష్టం కన్నా ఎక్కువగా లెక్క అందకపోవడం. ఆటలో సూప్ డబ్బాలు ఐదంటే ఐదే, ఎవరూ దాచిపెట్టరు. నిన్న తప్పు చేస్తే రేపు దాని ఫలితం కళ్లముందుంటుంది. నిజం పనిలో చేసిందానికీ జరిగిందానికీ మధ్య వాన ఉంటుంది, ధర ఉంటుంది, వ్యాపారి ఉంటాడు, ఏది ఎక్కడ తెగిందో తెలియదు. ఆ తెగిన తాడు ఆటలో ఒక అరగంట కలిసినట్టుంటుంది.

అయితే ఈ ఆటల్ని నేను పూర్తిగా వెనకేసుకురాను, ఒక విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నేను కోవూరు వైపు ఉండేవాణ్ణి, ఉద్యోగం నెల్లూరులో. పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు కట్ట కొట్టుకుపోయింది, లారీలు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. ఆ పొద్దున ఆఫీసు నుంచి ఫోన్, "పని ఆగకూడదు కదా, ఏదో ఒకటి చూసుకుని రండి" అని. రాలేదని రెండు రోజుల జీతం కోశారు. లోకం మునిగిపోతున్నా డ్యూటీకి వెళ్లడం ఆటలో బాగుంటుంది, ఎందుకంటే అక్కడ ఫోన్ పక్కన పడేసి లేచి వెళ్లిపోవచ్చు. మావాడు తుపాను రాత్రి గుంటల కాడ నిలబడ్డాడంటే అవి వాడి గుంటలు. నన్ను రమ్మన్నవాళ్లకి నా దారిలో నీళ్లున్నాయా లేదా అన్నది పట్టలేదు. ఈ రెండూ ఒకటి కాదు, రెండిటినీ కలిపి 'ఎట్లాంటి కష్టంలోనైనా పనిచేసే జనం' అని మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకని ఇప్పుడు ఇట్లాంటి ఆట ఏది దొరికినా నేను ముందు చూసేది ఒకటే. ఇందులో పని కాదనడానికి వీలుందా, కాదంటే ఏమవుతుంది? డెత్ అండ్ టాక్సెస్‌లో విధి మాట వినకుండా ఉండొచ్చు, దానికో కథ ఉంది. పేపర్స్, ప్లీజ్‌లో తప్పని తెలిసీ ఒక మనిషిని దాటనివ్వొచ్చు, ఇంట్లో వేడి తగ్గుతుంది. ఆ వీలు లేకుండా ఊరికే ఆర్డర్లు తీర్చుకుంటూ పొమ్మనే ఆటలు సరదాగానే ఉంటాయి, కానీ మర్నాటికి గుర్తుండవు. ఇంకో మాట, డెత్ అండ్ టాక్సెస్ వచ్చిన నెల తిరక్కుండానే, 2020 మార్చి 12న, ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు మన నెల్లూరులోనే బయటపడింది. ఆ తర్వాత ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు కూడా చెత్త తీసేవాళ్లు, పాలు పోసేవాళ్లు, లైన్‌మెన్, నర్సులు పొద్దున్నే బయల్దేరారు. వాళ్లకి కాదనే వీలు ఎంతవరకు ఉండింది అన్నది ఆట చేసేవాళ్లు పట్టించుకోవాల్సిన ప్రశ్న.

మన దగ్గర్నుంచి ఇట్లాంటి ఆట ఒకటి రావాలని నాకు ఆశ. దానికి కథ కూడా ఉంది. 1979 జులై 11, బుధవారం. అమెరికావాళ్లు 1973లో పైకి పంపిన స్కైలాబ్ ఆ రోజు పడుతుందని, ఎక్కడ పడుతుందో తెలియదని రేడియోలో చెప్పారు. దాదాపు 77 టన్నులు. మన పల్లెల్లో అదే ఆఖరి రోజనుకుని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారని, దాచుకున్న డబ్బులు ఖర్చుపెట్టేశారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. కావలిలో మా జేజి ఇడ్లీ అమ్మేది, రెండు బల్లలు, ఒక పొయ్యి. ఆటంటే ఆ ఒక్కరోజే. పొద్దున్నుంచి జనం వస్తుంటారు, కొందరు పాత బాకీ తీర్చేసి పోతారు, దేవుడి దగ్గరికి అప్పుతో పోకూడదని. కొందరు బాకీ పెట్టి తింటారు, రేపు అడిగేదెవరని. బియ్యం ఇంత, మినప్పప్పు ఇంత, కట్టెలు ఇంత. సాయంత్రానికి వీధిలో కోడికూర వాసన, ఇడ్లీ అడిగేవాడు లేడు. రాత్రి దీపం దగ్గర ఆటలో ఆఖరి ప్రశ్న పడుతుంది, రేపటికి పప్పు ఎంత నానబెట్టాలి?

మా జేజి చెప్పేది, ఆ రాత్రి అందరూ ఆకాశం కేసి చూస్తుంటే తను చాటలో పప్పు పోసుకుని చాలాసేపు ఆలోచించిందట. నానబెట్టకపోతే పప్పు మిగులుతుంది, కానీ ఆకాశం పడకపోతే తెల్లారి అయిదింటికి బస్టాండు జనం వస్తారు. కడుపునిండా కూర తిన్నవాళ్లు ఆలస్యంగా లేస్తారు గదా అని రోజూ పోసేదాంట్లో ఒక శేరు తగ్గించి నానబెట్టి పడుకుంది. స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కలా పడ్డాయి. కావలిలో ఏడింటికల్లా ఇడ్లీ అయిపోయింది, ఆ ఒక్క శేరు తగ్గించినందుకు మా తాత రెండు రోజులు సణిగాడట.